మూడంగుళాల గడి

పొద్దున్నే తెల్లకాగితం పరుస్తానా,
నాకన్నా ముందే ఎవరో గీసి ఉంటారు.
సన్నటి నల్ల చుక్కలు.
పోర్టు బొగ్గు.
వన్‌టౌన్‌లో కిటికీ తెరిచి బతుకుతున్న పాపానికి
ముప్పయ్యొక్కేళ్లుగా ఇదే తొలి గీత.
ఊదితే పోదు. తుడిస్తే తోక లాగుతుంది.
ఒక్కోసారి ఆ తోకనే మీసం చేసి
ఓ కార్పొరేటర్‌కి అంటించేస్తాను.

సాయంకాలం పేపర్లో మొదటి పేజీ అడుగున
బంగారం ధరకీ అల్పపీడనానికీ మధ్య
మూడంగుళాల గడి నాది.
రెండూ రోజూ కదులుతాయి,
నేనే కదలను.

ఒకప్పుడు ఓ మంత్రిగారి ముక్కుని
డాల్ఫిన్ కొండంత గీశాను.
దాని కిందనుంచి ఓడలు పోతున్నాయి, భూములు మోసుకుని.
ఆ రాత్రంతా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను.
తెల్లారి ఫోను:
"సార్‌కి తెగ నచ్చేసిందండీ,
ఒరిజినల్ పంపుతారా, ఫ్రేము కట్టిస్తారట."
పంపాను.
పంపడమే కాదు, ఐదొందలు పుచ్చుకున్నాను కూడా.
వాళ్ల హాల్లో ఏసీ కింద, గాజు వెనక
నా కోపం చల్లగా ఉందని విన్నాను.

మొన్న డెస్కులో డిల్లేశ్వర్రావు ఫోను చూపించాడు.
"గురువుగారూ, అచ్చం మీలాగే గీస్తోంది!"
నాలుగు సెకన్లు.
నా వంకర కళ్లజోళ్లు, నా బానపొట్టలు,
మూలన కూచునే నా కాకితో సహా.
కోపం రావాలి కదా, గుర్తొచ్చింది వేరే:
హార్బర్లో పడవలకి నంబర్లు రాసే సూరాడ అప్పన్న.
సెలవులకి రంగు డబ్బా పట్టుకుని ఆయన వెంట తిరిగి
ఆ మణికట్టు మలుపు ఎత్తుకొచ్చాను.
ఆయన ఎవరి దగ్గర ఎత్తుకొచ్చాడో అడగలేదు.
దొంగసొత్తు ఇంకో దొంగ పట్టుకుపోతే
ఏ స్టేషన్లో కేసు పెట్టను?
"దీని కాగితం మీద బొగ్గు లేదురా" అన్నాను.
నవ్వాడు.
రేపు బొగ్గు కూడా నేర్చుకుంటుంది, నాకు తెలుసు.

తర్వాత ఆ సదస్సు వచ్చింది.
పెట్టుబడులు విమానం దిగే దారిలో
గుడిసెలు కనపడకూడదని పచ్చగుడ్డ కట్టారు, మైళ్ల కొద్దీ.
గుడ్డ మీద చెట్లు అచ్చేయించారు.
చెట్ల మీద పిట్టలు.
బల్ల దగ్గర నాలుగ్గంటలు కూచున్నాను, టీ మీద టీ.
అతిశయోక్తి అంతా వాళ్లే వాడేసుకున్నాక
నా పాళీకి ఏం మిగిలింది?

లేచి బీచ్ వెంట జాలారిపేట దాకా నడిచాను.
అక్కడ ఓ అచ్చు చెట్టు కాండానికి
కత్తిపీటతో కోసిన కిటికీ.
కిటికీలో గరికిన పోలమ్మ, పక్కన తట్ట.
కార్లాపి దిగిన డ్రైవర్లకి
చెట్టులోంచి చెయ్యి చాపి సావడాలు అమ్ముతోంది.

"ఏటి బావూ, అలగ సూస్తన్నావు?
గాలాడక కోసీసినాను."

వ్యంగ్యం అనే మాట ఆమెకి అక్కర్లేదు.
ముప్పయ్యొక్కేళ్లూ నేను గీసింది గడి,
ఆమె కోసింది కిటికీ.
అక్కడే గట్టుమీద కూచుని ఉన్నదున్నట్టు గీశాను.
ముక్కు పెంచలేదు. కాకిని పెట్టలేదు.

ఎడిటర్ అటూ ఇటూ తిప్పి చూశాడు.
"బాగుంది గానీ, జోకేదీ?"
ఆ సాయంత్రం నా గడిలో ఆవకాయ ప్రకటన పడింది.

మర్నాడు బొమ్మ పోలమ్మకే ఇచ్చాను.
దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.
"నా ముక్కు ఇలగుంటదేటి!"
అని, గుప్పెడు ఎండు నెత్తళ్లు అందులోనే పొట్లం కట్టి
తిరిగి నా చేతిలో పెట్టింది.
డబ్బులివ్వబోతే తిట్టింది.

ఒరిజినల్ ఇప్పుడు మా వంటింటి గట్టు మీద ఉంది.
నూనె దిగి ఆమె మొహం కాస్త పారదర్శకమైంది,
వెనకనుంచి వెలుతురొస్తోంది.
ఇల్లంతా వాసన.
పిల్లి దానిచుట్టూ తిరుగుతోంది,
ఇంతవరకూ నా బొమ్మనెవరూ
ఇంత శ్రద్ధగా చూడలేదు.